లుకేమియా చికిత్స: తొలి మోతాదుకు ముందే గుర్తించవలసిన ముప్పు

అక్యూట్ లుకేమియా రోగికి కీమోథెరపీ ఆరంభమైన తొలి రోజుల్లో, మందు సమర్థంగా పనిచేయడమే ఒక్కోసారి ప్రాణాపాయానికి దారితీస్తుంది. క్యాన్సర్ కణాలు పెద్దసంఖ్యలో ఒకేసారి విచ్ఛిన్నమై, వాటిలోని పదార్థాలు రక్తంలోకి చేరడమే ఇందుకు కారణం. ఈ స్థితిని ‘ట్యూమర్ లైసిస్ సిండ్రోమ్’ అంటారు. కొందరిలో చికిత్సకు ముందే ఇది తలెత్తుతుంది.

కణాల నుంచి వెలువడిన పొటాషియం గుండె లయను దెబ్బతీస్తుంది. ఫాస్ఫేట్ కాల్షియంతో కలవడం వల్ల రక్తంలో కాల్షియం తగ్గి, కండరాలు బిగుసుకుపోవచ్చు, మూర్ఛలు రావచ్చు. కణాల్లోని జన్యుపదార్థం చివరకు యూరిక్ ఆమ్లంగా మారి, స్ఫటికాల రూపంలో మూత్రపిండాలలో పేరుకుంటుంది. మూత్రపిండాలు దెబ్బతింటే మిగిలిన పదార్థాలూ బయటకు పోలేక పరిస్థితి మరింత విషమిస్తుంది.

ఈ ముప్పును సాధారణ రక్తపరీక్షలతోనే చాలావరకు ముందుగా అంచనా వేయవచ్చు. 2010లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల సిఫారసుల ప్రకారం, మైక్రోలీటరు రక్తంలో తెల్లకణాలు లక్ష లేదా అంతకు మించి ఉన్న అక్యూట్ లుకేమియా రోగులకు ముప్పు అధికం. అక్యూట్ మైలాయిడ్ లుకేమియాలో ఆ సంఖ్య 25 వేల నుంచి లక్ష లోపు ఉంటే ముప్పు మధ్యస్థం. లింఫోబ్లాస్టిక్ రకంలో తెల్లకణాలు లక్షకు తక్కువే అయినా, ‘ఎల్‌డీహెచ్’ అనే ఎంజైము సాధారణ గరిష్ఠ పరిమితికి రెండింతలు లేదా అంతకు మించి ఉంటే అధిక ముప్పుగానే పరిగణిస్తారు. మూత్రపిండాల పనితీరు అప్పటికే మందగించి ఉంటే ముప్పు స్థాయి మరింత పెరుగుతుంది.

నివారణ చర్యలు ఈ వర్గీకరణపైనే ఆధారపడతాయి. ముప్పు తక్కువైతే తగినంత ద్రవాలు, క్రమబద్ధమైన పర్యవేక్షణ సరిపోవచ్చు. మధ్యస్థమైతే కొత్తగా యూరిక్ ఆమ్లం తయారుకాకుండా అడ్డుకునే అల్లోప్యూరినాల్ ఇస్తారు. అధికమైతే అప్పటికే పేరుకున్న ఆమ్లాన్ని సైతం విడగొట్టే రాస్‌బ్యూరికేస్ అవసరమవుతుంది. అయితే ఇది ఖరీదైన మందు. పైగా, ‘జీ6పీడీ’ ఎంజైము లోపం ఉన్నవారిలో ఇది ఎర్రకణాలను ధ్వంసం చేయగలదు. వంశపారంపర్యంగా వచ్చే ఈ లోపం భారతదేశంలోనూ కనిపిస్తుంది. అందువల్ల మందు ఇచ్చే ముందే ఆ పరీక్ష ముఖ్యం.

తక్కువ ముప్పు అంటే ముప్పు లేదని అర్థం కాదు. చికిత్స తొలి వారంలో రక్తపరీక్షలు కొనసాగవలసిందే. మూత్రం తగ్గినా, గుండెదడ లేదా కండరాల బిగువు కనిపించినా రోగి బంధువులు వెంటనే వైద్య సిబ్బందికి తెలియజేయాలి.