పిసరంత కరెంటుతో పెద్ద కరెంటుకు పగ్గాలు

పెళ్లిపందిరి అయినా, శ్రీరామనవమి ఉత్సవమైనా పల్లెల్లో మైకుసెట్టు ఉండవలసిందే. మైకు ముందు మెల్లగా పలికిన మాట ఊరి చివరిదాకా వినవస్తుంది. ఆ మాటకు అంత బలాన్ని యాంప్లిఫయరులోని ట్రాన్సిస్టర్లే పుట్టిస్తాయని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. బలమంతా బ్యాటరీది లేదా లైను కరెంటుది. దానిని మాటకు తగినట్లు వదలడమే ట్రాన్సిస్టర్ చేసే పని.

తూము తలుపు వంటిది

చెరువు నిండా నీరున్నా తూము తలుపు ఎత్తితేనే కాలువ పారుతుంది. తలుపు ఎత్తడానికి ఒక మనిషి చాలు. పారే నీరు ఎన్నో ఎకరాలు తడుపుతుంది. ట్రాన్సిస్టరుకు ఎమిటర్, బేస్, కలెక్టర్ అని మూడు కాళ్లుంటాయి. పెద్ద కరెంటు కలెక్టరు, ఎమిటరుల మధ్య ప్రవహిస్తుంది. బేసుకు అందే చిన్న కరెంటు దానికి తూము తలుపు.

100 రెట్లు పెంచే ట్రాన్సిస్టరులో బేసుకు 10 మైక్రో ఆంపియర్లు ఇస్తే, కలెక్టరులో 1,000 మైక్రో ఆంపియర్లు పారుతుంది. మైకు నుంచి వచ్చే కరెంటు మాటతోపాటు హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ హెచ్చుతగ్గులే కలెక్టరులో పెద్దవిగా కనిపిస్తాయి. ఇందుకోసం తలుపును ముందుగానే కొంత ఎత్తి ఉంచాలి. పూర్తిగా మూసి ఉంచితే సగం మాట తెగిపోతుంది. ఒక్క ట్రాన్సిస్టర్ చాలదు గనుక అంచెలంచెలుగా కొన్నింటిని వాడతారు.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ మొదటి ట్రాన్సిస్టరును పనిచేయించారు. వారితోపాటు విలియం షాక్లీకి 1956లో నోబెల్ బహుమతి లభించింది. అంతకుముందు రేడియోలలో వాల్వులుండేవి. అవి వేడెక్కితేగాని పలికేవి కావు, కరెంటు కూడా ఎక్కువ తాగేవి. ట్రాన్సిస్టర్ వచ్చాక రేడియో చిన్న బ్యాటరీలతో నడిచి, కరెంటు లేని ఊళ్లకూ చేరింది. అందుకే జనం ఆ రేడియోనే ట్రాన్సిస్టర్ అన్నారు.

కూత ఎందుకు వస్తుంది?

తలుపు పూర్తిగా ఎత్తాక ఇంకా తిప్పినా నీరు పెరగదు. వాల్యూం మితిమీరితే కూడా అంతే. మాట పెరగదు, చీలిపోతుంది. స్పీకరు కాలిపోయే ప్రమాదమూ ఉంది. బ్యాటరీ నీరసించినా మాట చీలుతుంది. కనుక ట్రాన్సిస్టర్ పోయిందనుకునే ముందు బ్యాటరీ చూడాలి. స్పీకరులోని శబ్దం తిరిగి మైకులో పడితే అది మళ్లీ మళ్లీ పెరిగి కూతగా మారుతుంది. మైకును స్పీకర్ల వెనుక ఉంచి, వాల్యూం కొంత తగ్గిస్తే కూత ఆగుతుంది.