వంక దాటితే ఎన్ని యూనిట్లు?

ఎడిటర్ గారి ఫోన్ మంగళవారం రాత్రి పదింటికి వచ్చింది. ఎలక్ట్రిక్ ఎస్‌యూవీతో రాళ్లూ రప్పలూ తొక్కి రావాలి. గండికోట లోయ అంచున బండి, వెనకాల సూర్యోదయం, ముఖచిత్రం అదే. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి.

ప్రొద్దుటూరులో ఫోర్‌వీల్ డ్రైవ్ ఎలక్ట్రిక్ బండి ఉన్న మనిషి నాకు ఒక్కరే తెలుసు. మా నాయన స్నేహితుడు, నేను చిన్నాయనా అని పిలుస్తాను. ఆర్టీపీపీలో, అంటే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో, ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. నిరుడు టాటా హారియర్ ఈవీ కొన్నారు. ఫోన్ చేస్తే తిరుపతి నుంచి తిరుగు దారిలో ఉన్నారు.

"ఇంకా రాజంపేట దాటలేదబ్బీ. ఇల్లు చేరేసరికి పన్నెండవుతాది. బండిలో నలభై రెండు శాతం మిగిల్తే గొప్ప. తెల్లారి నాలుగున్నరకు బయల్దేరాలంటే నాలుగు గంటలు ఎక్కుతాది కరెంటు. దాంతోనే పోవాల."

ఇంట్లో ఆయనకున్నది 15 ఆంపియర్ల సాకెట్టు. గంటకు మూడు యూనిట్ల చొప్పున నాలుగు గంటలకు పన్నెండు. పొద్దున నేనూ ఫోటోగ్రాఫరూ బండి ఎక్కేసరికి మీటరు 58 శాతం చూపిస్తోంది. ఈ కథనంలో వచ్చే ఇబ్బందంతా నా గడువు తెచ్చిపెట్టిందే. రాత్రంతా ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే మేము అసలు లెక్కలు వేసేవాళ్లమే కాదు.

కానీ ఆ లెక్కలే నన్ను పట్టుకున్నాయి. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం ఒకటుంది. మా ఊరి జవుళి అంగళ్లలో గల్లాపెట్టె పక్కన కనబడే చిట్టా అది. చిన్నాయన దాన్ని బండికి పెట్టారు. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు, రూపాయల బదులు యూనిట్లు. ఇంట్లో ఎక్కించినవి జమ. దారిలో కాలినవి ఖర్చు. కొండ దిగేటప్పుడు మోటారు తిరగబడి జనరేటరై బ్యాటరీకి పంపే కరెంటు మళ్లీ జమ. వెళ్లొచ్చిన ప్రతి చోటికీ ఒక పుట. గండికోట సూర్యోదయం కంటే ఆ పుస్తకమే ఎక్కువసేపు చూశానని ముందే చెప్పేస్తున్నాను.

గండికోట పుటలో ఆయన వేసిన మొదటి లెక్క ఇది. మనుషులతో కలిపి బండి రెండున్నర టన్నులు. నిలువునా 100 మీటర్ల ఎత్తుకు దాన్ని చేర్చడానికి కావలసిన శక్తి 0.68 యూనిట్. తారురోడ్డు మీద ఇదే బండి కిలోమీటరుకు దాదాపు 0.16 యూనిట్ తాగుతుంది. అంటే వంద మీటర్ల కొండ, నాలుగు కిలోమీటర్ల రోడ్డు సమానం. పైగా దిగేటప్పుడు అందులో సగానికి పైగా వెనక్కి వస్తుంది. ఎర్రమల కొండల ఎక్కుడు చూసి భయపడే వాళ్లందరికీ ఆయన ఈ పుట తీసి చూపిస్తారట.

దాని కింద ఎర్ర సిరాతో ఇంకో లెక్క. తారురోడ్డు చక్రాన్ని వెనక్కి లాగే బలం బండి బరువులో సుమారు నూరో వంతు. వదులు ఇసుకలో అది ఐదో వంతు దాకా పోతుంది. రెండున్నర టన్నుల్లో ఐదో వంతు అంటే 500 కిలోలు. అంత బలాన్ని కిలోమీటరు పొడవునా గుంజుకుంటూ పోవాలి. ఖర్చు కిలోమీటరుకు 1.36 యూనిట్లు. తారురోడ్డు ఖర్చుకు ఎనిమిది రెట్లకు పైనే.

"కొండ అప్పు తీసుకుంటే తిరిగిస్తాది. ఇసుక ఇయ్యదు," అన్నారు చిన్నాయన.

జమ్మలమడుగు మీదుగా గండికోట చేరేసరికి తూరుపు తెల్లబడుతోంది. ఎడిటర్ గారికి క్షమాపణలు. లోయ అంచు దాకా బండిని తోలడం కుదరదు, తోలకూడదు కూడా. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. బయట ఆపి నడిచి వెళ్లాం.

గండికోట చరిత్ర ఒక్క ఊపిరిలో: కల్యాణి చాళుక్యుల కింద మొదలైన కోట, విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులది, 17వ శతాబ్దంలో గోల్కొండ పక్షాన మీర్ జుమ్లా పట్టుకున్నాడు, ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే అప్పుడే ఇక్కడికి వచ్చాడు, 1800లో సీడెడ్ జిల్లాలతో పాటు ఇంగ్లీషు వాళ్ల చేతికి పోయింది. మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం చూడడానికి ఒక పూట ప్రత్యేకంగా పెట్టుకోండి.

ఇక బండి సంగతి. 2025 జూన్‌లో వచ్చిన ఈ హారియర్ ఈవీలో ముందొక మోటారు, వెనకొక మోటారు. బ్యాటరీ 75 యూనిట్లు. పరీక్షశాల లెక్కలో ఒక ఛార్జికి 622 కిలోమీటర్లు. మామూలు వాడకంలో 460 నుంచి 490 వస్తుందని కంపెనీయే చెబుతోంది. వేగ ఛార్జర్ 120 కిలోవాట్లది దొరికితే 20 శాతం నుంచి 80కి 25 నిమిషాలు. 7.2 కిలోవాట్ల ఇంటి ఛార్జర్‌కైతే దాదాపు పదకొండు గంటలు. ఆ ఇంటి ఛార్జర్ చిన్నాయన ఇంకా బిగించలేదు. రెండు మూడు కిలోవాట్ల లోడుతో తీసుకున్న ఇంటి కనెక్షన్ మీద అది ఆడదు. లోడు పెంచమని దరఖాస్తు పెట్టారు.

నాకు ఈ 'ఆఫ్‌రోడ్' అనే మాట మీద మొదటి నుంచీ గుర్రు ఉంది. ప్రకటనల్లో అదొక వినోదం. బురద చిమ్మాలి, రాయి మీద చక్రం లేవాలి. మా వైపు డొంకలో బండి తోలడం వినోదం కాదు. చీనీ తోటకు అదే దారి. ట్రాక్టరు, బొలెరో, టూవీలర్, అన్నీ దాంట్లోనే పోతాయి. ఎలక్ట్రిక్ బండి డొంకలో పనికొస్తుందా అంటే లోయ అంచున నిలబడుతుందా అని కాదు, పంట చూసుకొని చీకటిపడేలోగా ఇల్లు చేరుస్తుందా అని. అందుకే గండికోట నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల వైపు, చిన్నాయన చెల్లెలి తోటకు బయల్దేరాం.

పులివెందులలో వేగ ఛార్జర్ ఉన్న చోట ఆగాం. తెర వెలగలేదు. ఎవరిదో ఇక్కడ అప్రస్తుతం. 2024లో వచ్చిన రాష్ట్ర విధానం ప్రతి 30 కిలోమీటర్లకూ ఒక ఛార్జింగ్ కేంద్రం లక్ష్యంగా పెట్టుకుంది. యంత్రం నిలబెట్టడం ఒక ఎత్తు, దాన్ని రోజూ వెలిగించి ఉంచడం ఇంకో ఎత్తు. అమెరికాలో రివియన్ అనే కంపెనీ కొండలకూ అడవులకూ పోయే దారుల్లో తన సొంత ఛార్జర్లు పెట్టుకుంటోంది. మనకు హైవే దాటితే ఇంటి సాకెట్టే గతి.

తోటకు ముందు ఒక వంక. పేరు లేదు, అందరూ వంకనే అంటారు. వానకాలంలో మోకాలి లోతు నీళ్లు, ఇప్పుడు ఉత్త ఇసుక. డొంక ఆ ఇసుకలోనే ఒకటిన్నర కిలోమీటరు నడుస్తుంది. చిన్నాయన బండి ఆపి టైర్లలో గాలి తీశారు. శాండ్ మోడ్ పెట్టి, ఎక్కడా ఆగకుండా, నిదానంగా ఒకే వేగంతో తోలారు. డీజిలు బండైతే ఇక్కడ ఇంజిను అరుపు, క్లచ్చి కాలిన వాసన. ఈ బండికి చక్రాల కింద ఇసుక నలిగే చప్పుడొక్కటే. అవతల ఒడ్డున పసులు తోలుకొస్తున్న ముసలాయన, బండి తన పక్కకు వచ్చేదాకా తల తిప్పలేదు. నున్నని ఆ లాగుడు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకూ వేసింది. ఒడ్డెక్కాక చిన్నాయన చిట్టా తీసి ఖర్చులో 2 అని రాశారు.

తోటలో మీటరు 27 శాతం. అంటే 20 యూనిట్లు. తిరుగు దారి రోడ్డు 65 కిలోమీటర్లకు పదిన్నర, వంకకు మళ్లీ 2. ఇల్లు చేరేసరికి 10 శాతం. చేరతాం. కానీ 15 శాతానికి తగ్గితే ఆయన ఒప్పుకోరు. బ్యాటరీ అడుగంటే కొద్దీ బండి బలం తగ్గించుకుంటుంది, దారిలో ఇంకెక్కడైనా దిగబడితే బయటికి లాగడానికి కావలసింది ఆ బలమే.

"మోటరు డబ్బా కాడ త్రీఫేజు ఉందిగా న్నా, దానికి తగిలీ," అంది అత్త, అదే, చిన్నాయన చెల్లెలు.

"అది బోరు మోటరుకిచ్చిన ఉచిత కరెంటమ్మా. పగలు తొమ్మిది గంటలిచ్చేది చీనీ చెట్లకు, నా కారుకు కాదు. నేనే అట్ల చేస్తే ఇంగెవురికి చెప్పేది?"

సర్వీసంతా కరెంటు శాఖలో గడిపిన మనిషి మాట. నాకు ఆ మనిషి మీద గౌరవం ఆ క్షణంలో ఇంకో మెట్టు పెరిగింది.

ఇంటి సాకెట్టుకు తగిలిస్తే పోర్టబుల్ ఛార్జర్ మీద ఎర్రలైటు. ఎర్తింగ్ లేదని. పాత ఇల్లు, పెరట్లో ఎర్తు గుంత ఎండిపోయింది. అత్త రెండు బకెట్ల నీళ్లు పోసింది, చిన్నాయన గుప్పెడు ఉప్పు వేశారు. పది నిమిషాలాగి మళ్లీ తగిలిస్తే పచ్చలైటు. ఈ బండ్ల గురించి రాసేవాళ్లు హార్స్‌పవర్ గురించి ఎంతో రాస్తారు. పల్లెలో ఆ బండి కదలాలా వద్దా అన్నది ఎండిన ఎర్తు గుంత కూడా తేలుస్తుందని ఎవరూ రాయలేదు.

ఇంకో చిక్కు. తోట ఇల్లు లైను చివర ఉంది. ఓల్టేజి 200 దగ్గర ఊగుతోంది. చిన్నాయన ఛార్జింగ్‌ను పది ఆంపియర్లకు తగ్గించారు. 200 ఓల్టులు, 10 ఆంపియర్లు, గంటకు 2 యూనిట్లు. 15 శాతానికి పైన ఇల్లు చేరాలంటే రెండు గంటలు బొటాబొటి, నిశ్చింతగా పోవాలంటే మూడు గంటలు కూర్చోవాలి.

మూడు గంటలు కూర్చున్నాం. రాగి సంకటి, నాటుకోడి పులుసు. చెట్ల మధ్య నడుస్తూ అత్త ఏ చెట్టుకు ఎండు తెగులు తగిలిందో చూపించింది. పెట్రోలు బంకులో ఐదు నిమిషాలు ఆగే ప్రయాణంలో నాకు ఆ తోట దొరికేది కాదు. అయితే రోజు కూలీకి పరుగెత్తే మనిషికి ఆ మూడు గంటలు లేవు, ఆ సంగతి మరిచిపోయి ఈ బండిని పొగడలేను.

బయల్దేరే ముందు అత్త అడిగింది: "ఈ బండి నించి కరెంటు తీయొచ్చంట గదా, కరెంటు పోయినప్పుడు బోరు ఆడిద్దామా?" ఆడదు. బండి బయటికిచ్చేది సింగిల్ ఫేజు, మూడు కిలోవాట్ల చిల్లర. బోరు మోటారుకు త్రీఫేజు కావాలి. ఫ్యాను, లైట్లు, మిక్సీ ఆడతాయి. అత్త పెదవి విరిచింది.

ఇలాంటి దారుల్లోకి బండి తీసుకెళ్లేవాళ్లకు కొన్ని మాటలు.

టైర్లలో గాలి
ఇసుకలోకి దిగే ముందు గాలి 35 నుంచి 20 ప్రాంతానికి తగ్గిస్తే టైరు పరుచుకుంటుంది, బరువు పంచుకుంటుంది, ఇసుకలో దిగబడదు. తారురోడ్డు ఎక్కగానే మళ్లీ నింపాలి. చిన్న గాలిపంపు బండిలో ఉండి తీరాలి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాళ్ల గనుల బాటల్లో మాత్రం గాలి తీయకండి. పలకల అంచులు టైరు పక్కలను కోసేస్తాయి.

కొండ మీద నిండు బ్యాటరీ
నూటికి నూరు శాతం నింపుకొని కొండ మీద నుంచి దిగితే జమ పడదు. నిండిన గాదెలో ఇంకో గింజ పట్టదు. దిగుడుకు ముందు కొంత ఖాళీ ఉంచుకోండి. ఎండాకాలం ఇంకో మాట: 43, 44 డిగ్రీల్లో బ్యాటరీని చల్లబరచడానికే కొంత కరెంటు పోతుంది, వేగ ఛార్జింగ్ కూడా మందగిస్తుంది.

నీళ్లు
హారియర్ ఈవీ 600 మిల్లీమీటర్ల లోతు దాకా దాటగలదని కంపెనీ మాట. వంకలో నిలిచిన నీళ్లకూ వచ్చే వరదకూ తేడా ఉంది. 2021 నవంబర్ వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెనే కూలింది. ఎర్రనీళ్లు పారుతున్నప్పుడు ఏ బండైనా ఒడ్డునే ఉండాలి.

కలివికోడి నేల
చప్పుడు చేయని బండి గనక అడవిలోకి పోవచ్చని కొందరంటారు. వద్దు. ప్రపంచమంతా అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మన కడప జిల్లా ముళ్లపొదల్లోనే మళ్లీ కనబడింది. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. ఆ కోవ పిట్టలు గుడ్లు పెట్టేది నేల మీద. టైరుకు అవి కనబడవు.

మళ్లీ మా ప్రయాణానికొస్తే, రాత్రి తొమ్మిదికి ప్రొద్దుటూరు. మీటరు 19 శాతం. బండి దిగకుండానే చిన్నాయన లోపలి లైటు వేసుకొని చిట్టా తెరిచారు. ఫోటోగ్రాఫర్ దింపిన నూటా యాభై ఫోటోల్లో గండికోటవి నూటా నలభై. నేను ఎడిటర్ గారికి పంపింది మాత్రం ఎండిన ఎర్తు గుంతలోకి అత్త బకెట్ వంచుతున్నది. ముఖచిత్రం అదే కావాలని అడిగాను.

చిన్నాయన జమ వైపు 6 యూనిట్లు అని రాసి, ఒక్క క్షణం ఆగి, దాని పక్కనే చిన్న అక్షరాలతో ఇంకో మాట చేర్చారు: చెల్లెలికి బాకీ.