ఆసుపత్రికి రోగిని చూడబోవువారికి

మన గ్రామములలో ఒకరు ఆసుపత్రిలో చేరినారని వినినతోడనే బంధుమిత్రులు పదిమంది కలిసి బయలుదేరుట వాడుక. రానివారిని నిష్ఠూరమాడుటయు వాడుకయే. ఇది మంచి మనసునుండి పుట్టిన ఆచారమే. కాని దగ్గులు, జ్వరములు వ్యాపించు దినములలో దీనివలన రోగికిని, చూడబోయినవారికిని ప్రాణాపాయము కలుగవచ్చును. అది యెట్లో రైతు సోదరులకు విన్నవించుచున్నాము.

గాలికుంటు సోకిన యెద్దును మందలో కట్టివేయు రైతు లేడు. దానిని వేఱుగా కట్టి, ఒక్కరే మేతనీళ్లు చూతురు. ఇన్‌ఫ్లూయెంజా, కోవిడ్ మొదలగు శ్వాసరోగములును గాలికుంటువలెనే వైరస్‌వలన కలుగునవి. రోగి దగ్గినను, తుమ్మినను, మాటలాడినను తుంపరలు వెలువడును. పెద్దవి దగ్గఱనే నేలబడును. మిక్కిలి సన్ననివి మూసిన గదిలో పొగవలె చాలసేపు తేలుచుండును. ఇన్‌ఫ్లూయెంజా సోకినవాడు తనకు జ్వరము తగులుటకు ఒకదినము ముందుగనే యితరులకు దానిని అంటింపగలడు. కావున తనకేమియు లేదనుకొనువాడును రోగమును మోసికొని పోవచ్చును.

దీనికి దక్షిణ కొరియాలో 2015వ సంవత్సరమున జరిగిన సంగతియే దృష్టాంతము. అచ్చటను మనలోవలెనే ఇంటివారు రోగికడ నుండి ఉపచారము చేయుట, బంధువులు వచ్చిపోవుట వాడుక. ఆ యేడు మే నెలలో మెర్స్ అను శ్వాసరోగము గల యొకడు, రోగము గుర్తింపబడకమునుపే, సియోలు నగరమున ఒక పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగములో మూడు దినములుండెను. అతనివలన 82 మందికి రోగమంటినది. వారిలో 33 మంది రోగులు, 8 మంది సిబ్బంది. తక్కిన 41 మంది చూడవచ్చినవారును, తోడుండినవారును. అనగా సరిగా సగము! ఆ వ్యాప్తిలో మొత్తము 186 మందికి రోగము సోకి, 38 మంది మరణించిరి.

కావున సభ్యులు ఈ క్రింది విషయములను పాటింపవలెను.

1. జలుబు, దగ్గు, జ్వరము ఉన్నవారు రోగిని చూడబోరాదు. పసిబిడ్డలను, వృద్ధులను వెంట తీసికొనిపోరాదు.

2. రోగికి తోడుగా ఒక్కరే యుండవలెను.

3. మాస్కు ముక్కును, నోటిని కప్పవలెను. గడ్డము క్రింద వ్రేలాడు మాస్కు గండిపడిన చెఱువుగట్టువంటిది.

4. రోగిని ముట్టుటకు ముందును, తరువాతను చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

5. చలిగాలియని కిటికీలు మూయరాదు. తూర్పారబట్టునపుడు గాలి వీచిననే గదా పొల్లు పోవును! ఎదురెదురు కిటికీలు తెఱచియుండిన రోగపు గాలియు అట్లే పోవును. వైద్యులు మూసియుంచుమన్న గది మాత్రము మూసియే యుండవలెను.

6. దగ్గుతో వైద్యమునకు పోవువారు ఆ సంగతిని ద్వారమువద్దనే చెప్పి, మాస్కు ధరించి, ఇతరులకు దూరముగా కూర్చుండవలెను.

చూడబోనిచో ప్రేమ లేదందురేమో యని కొందఱు సంకోచింతురు. రోగిని ఫోనులో పలుకరింపవచ్చును. అంతకంటె మేలైన మార్గమొకటి కలదు. ఆతని పైరుకు నీరు కట్టుడు. పసులకు మేత వేయుడు. పాలు పిదికి కేంద్రమునకు చేర్చుడు. మంచము చుట్టును పదిమంది నిలుచుటవలన రోగికి కలుగు లాభము స్వల్పము. ఆ పదిమంది ఆతని పొలమున నిలిచినచో ఒక పంట దక్కును. ఆతడు స్వస్థుడై యింటికి వచ్చిన పిమ్మట చూడబోవుటకు దినములు చాలగలవు.