అతుకు లేని టోపీ

హైదరాబాదులో అల్లిన టోపీ ఎవరికండీ అవసరం, అని మీరు అడగవచ్చును. ఒకసారి మాదాపూర్ వైపు వెళ్ళి చూడండి. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత అక్కడ వరసగా లేచిన అద్దాల మేడల్లో, మే నెలలో కూడా ఏ.సి. చలికి శాలువా కప్పుకుని కూర్చునేవాళ్ళున్నారు. మా అక్క అటువంటి మేడలోనే పని చేస్తుంది. కీమోథెరపీకి జుట్టంతా రాలిపోయాక మళ్ళీ డ్యూటీలో చేరింది. విగ్గు పెట్టుకుంటే ఉక్క, ఉన్ని టోపీ పెట్టుకుంటే గుచ్చుకోవడం, బజారు టోపీ అయితే లోపలి అతుకు నెత్తిని ఒరుసుకుంటోందని బాధ. కాబట్టి మెత్తని నూలుదారంతో, అతుకు లేకుండా గుండ్రంగా అల్లే పద్ధతి పట్టుకున్నాను. మన కళాశాల వారిలో మరెవరికైనా ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

మామూలు జత సూదులతో అల్లితే వచ్చేది పలక. దాన్ని చుట్టి కుట్టాలి. బాధపెట్టేది ఆ కుట్టిన చోటే. గుండ్రంగా అల్లితే ఆ గొడవ లేదు. పైగా అన్నీ సీదా కుట్లే, అంచు పట్టీలో తప్ప ఉల్టా జోలికి పోనక్కరలేదు. ఇదేమీ కొత్త విద్య కాదు. 1400 ప్రాంతపు ఒక జర్మన్ చిత్రంలో మరియమ్మ రెండు కొనలూ మొనదేలిన సూదులతో చొక్కాను ఇలాగే అల్లుతూ కనిపిస్తుంది. మన నరసాపురం లేసు పనివారు కొక్కెంతో నడిమి నుంచి వెలుపలికి తిప్పుకుంటూ పోతారు. టోపీ అలాగూ చేయవచ్చు గాని, కొక్కెం అల్లిక మందంగా వస్తుంది, అంతగా సాగదు. లేత నెత్తికి నా ఓటు సూదులకే.

సూది కొనేటప్పుడు నెంబరును నమ్మకండి. మనకు అలవాటైన పాత బ్రిటిష్ లెక్కలో నెంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా లెక్కలో లావెక్కుతుంది. మన 8వ నెంబరు 4 మిల్లీమీటర్లు, వాళ్ళ 8వ నెంబరు 5. అమెరికా నమూనా చూసి ఇక్కడి 8 కొన్నారంటే టోపీ పిల్లవాడికి సరిపోతుంది! మిల్లీమీటర్లే అడగండి.

డబుల్ నిట్టింగ్ మందం నూలుకు 4 మి.మీ. సూది మీద 10 సెంటీమీటర్లకు సుమారు 22 కుట్లు పడతాయి. ముందు చిన్న ముక్క అల్లి కొలుచుకోండి. తల చుట్టుకొలత 54 సెం.మీ. అనుకుంటే 104 కుట్లు వేస్తాను. అంటే 47 సెం.మీ. టోపీ. నూలు వాడకంలో వదులవుతుంది గనుక బిగువుగా మొదలెట్టాలి. తీగతో కలిసిన వలయపు సూది పొడవు టోపీ చుట్టు కంటే తక్కువుండాలి: 40 సెం.మీ. చాలు. మొదటి వరస కలిపేటప్పుడు కుట్లు మెలిపడ్డాయేమో చూడండి. మెలిపడితే విప్పడం తప్ప మందు లేదు. రెండు సీదా, రెండు ఉల్టాగా 5 సెం.మీ. పట్టీ, ఆపైన అంతా సీదాగా మొత్తం 14 సెం.మీ. వరకు.

చిక్కంతా నడినెత్తి దగ్గర. ప్రతి 11 కుట్ల తర్వాత రెండింటిని ఒకటి చేస్తే వరసకు 8 తగ్గుతాయి. మధ్యలో ఒక వరస మామూలుగా అల్లి, మళ్ళీ తగ్గించాలి. ఈసారి 10 కుట్ల తర్వాత, ఆపైన 9, అలా. కాసేపటికి మిగిలిన కుట్లు 40 సెం.మీ. సూది చుట్టూ సాగవు. అప్పుడు మొనదేలిన అయిదు సూదులకు మారవచ్చు. వెదురువి తీసుకోండి, స్టీలు మీద నూలు జారిపోతుంది. సూది మారిన చోట నిచ్చెన మెట్లలా సందు పడకుండా రెండో కుట్టును గట్టిగా లాగాలి. లేదా మొదటి నుంచీ 80 సెం.మీ. పైబడిన ఒకే వలయపు సూది పెట్టి, తీగను కుట్ల మధ్య నుంచి ఉచ్చులా బయటికి లాగి సగం సగంగా అల్లవచ్చు. మ్యాజిక్ లూప్ అంటారు దీన్ని. కొంచెం నెమ్మది, కాని ఆఫీసు బస్సులో సూది సీటు కిందకి పోయే భయం లేదు. నాకు ఇదే ఇష్టం.

చివరకు 8 కుట్లు మిగిలాక దారం తెంపి, వాటిలోంచి దూర్చి బిగించండి. కొసను అల్లికలోనే దాచాలి, ముడి మాత్రం వేయకండి. అది సరిగ్గా నడినెత్తిన తగులుతుంది.