కుస్తీ ఆటలోని పాట

చిన్ననాట రుచి చూచిన పదార్థాన్ని పెద్దయిన తరువాత మరల తిని, "ఆ రుచి ఇది కాదు" అని నిట్టూర్చని వారు అరుదు. మారినది వంటయా, నాలుకయా అన్నది తేలదు. పాట విషయంలోనూ ఇట్టి నిరాశ కలుగుతూ ఉంటుంది. అయితే పాటకు కొలతలు ఉన్నవి. శ్రుతిని కొలవవచ్చును, కాలాన్ని కొలవవచ్చును. కనుక మారినది పాటయా, చెవియా అని విచారించే వీలున్నది. అటువంటి విచారణ ఒకటి ఈ ప్రసంగంలో మనవి చేస్తాను. విచారణకు వచ్చిన పాట ఏ మహావిద్వాంసుడు పాడినదీ కాదు. టెలివిజన్ తెర మీద పిల్లలు ఆడుకొనే ఒక కుస్తీ ఆటలోనిది.

కుస్తీకి వాద్యం క్రొత్త కాదు. కొల్హాపురపు గోదాలలో నేటికీ హల్గీ మ్రోగనిదే పట్టు రక్తి కట్టదు. మన పల్లెలలో కర్రసాముకు డప్పు ఉండవలసినదే. దెబ్బకూ దరువుకూ ఉన్న చుట్టరికం అటువంటిది. కాబట్టి కుస్తీని తెర మీదికి ఎక్కించినవారు దానికి సంగీతాన్ని కూడా జోడించడంలో ఆశ్చర్యం లేదు.

1990 తరువాత కేబుల్ తీగల వెంట ఉపగ్రహ ప్రసారాలు మా మంగళగిరికి వచ్చినవి. వాటితోపాటు అమెరికా మల్లుల కుస్తీ వచ్చినది. కొద్దికాలానికి వీడియో గేమ్ కూడా వచ్చినది. మా వీధిలో ఒక నేతపనివారి ఇంట ముందుగదిలో టెలివిజన్, వెనుకగదిలో గుంట మగ్గం ఉండేవి. ఆ ఇంటి అబ్బాయి, మా అన్నయ్య, నేను, ముగ్గురమూ వేసవి సెలవులలో ఆ టెలివిజన్ ఎదుట చాప పరచుకొని కూర్చొనేవాళ్ళము. కేసెట్ మీద వందల కొలది ఆటలని అచ్చువేసి ఉండేది. వేసి చూస్తే ఆ కొద్ది ఆటలే పేర్లు మార్చుకొని తిరిగి తిరిగి వచ్చేవి. వాటిలో ఒకటి కుస్తీ ఆట.

అది 1986లో జపానులో నింటెండో సంస్థ వెలువరించిన "ప్రో రెజ్లింగ్" అని చాలా ఏండ్లకు గాని మాకు తెలియలేదు. దానిని రూపొందించిన మసాతో మసుదా తరువాత "ఫైర్ ప్రో రెజ్లింగ్" అనే ప్రసిద్ధమైన ఆటల వరుసకు మూలపురుషుడైనాడు. ముసుగు ధరించిన స్టార్‌మాన్, చేపవంటి ముఖం గల అమెజాన్ అందులో మాకు ప్రియమైన మల్లులు. గోదా ప్రక్కన ఒక ఛాయాగ్రాహకుడు కెమెరాతో అటూ ఇటూ తిరిగేవాడు. గెలిచినవానికి "ఎ విన్నర్ ఈజ్ యూ" అని తెర మీద ప్రశంస వచ్చేది. మా అన్నయ్య ఆ వాక్యాన్ని ఆంగ్ల పరీక్షలో వ్రాసి ఎర్రసిరా గీత సంపాదించుకొన్నాడు. ఆట సాగినంతసేపూ ఒక చిన్న వరుస ఎడతెగక మ్రోగేది. వెనుకగదిలో మగ్గం దానికి తాళం వేస్తున్నట్లుండేది.

కొన్ని సంవత్సరాల క్రిందట, విదేశంలో ఉన్న మా అన్నయ్య ఆ ఆట యొక్క అసలు సంగీతాన్ని ఎక్కడనో సంపాదించి నాకు పంపినాడు. విన్నాను. వరుస అదే. కాని పరుగెత్తుతున్నది. గొంతు కూడా వేరు. ఆ రాత్రి టెలిఫోనులో మాట్లాడుకొన్నాము.

"ఒరేయ్, ఇది మనది కాదురా" అన్నాడు అన్నయ్య.

"ముసుగువాడు వాడే కదా అన్నయ్యా?"

"మనిషి వాడే. పాట వాడిది కాదు."

మూడవ సాక్షిని అడుగుదామంటే ఆ ఇంటి అబ్బాయి ఇప్పుడు లేడు. ముప్పదియైదు ఏండ్లు నిండకుండానే పోయినాడు. అతనితో గడిపిన వేసవులలో మాకు మిగిలినది కొద్ది. ఆ కొద్దిలో ఈ పాట ఒకటి. అదీ మనసు కల్పించుకొన్నదేనా అన్న సందేహం మమ్మల్ని ఇద్దరినీ బాధించినది. అందువల్లనే ఈ విచారణకు పూనుకొన్నాను.

మొదట తెలుసుకోవలసినది ఒకటి ఉన్నది. ఆనాటి కేసెట్‌లో ఉండేది, గ్రామఫోను రికార్డులో వలె పాడి పట్టిన పాట కాదు. అది కేవలం స్వరలిపి. ఏ స్వరం, ఎంతసేపు, ఏ గొంతుతో అన్న ఆజ్ఞలు మాత్రమే అందులో ఉంటవి. వాటిని చదివి అప్పటికప్పుడు వినిపించే విద్వాంసుడు యంత్రంలోని చిప్పు. స్వరలిపి ఒకటే అయినా విద్వాంసుడు మారితే పాట మారుతుంది. మా వీధికి వచ్చిన యంత్రం నింటెండోవారు 1983లో జపానులో విడుదల చేసిన ఫామికామ్ కాదు. దానికి అనుకరణగా ఇతరులు చేసినది. అనగా మేము విన్నది గురువును కాదు, శిష్యుని.

ఇక కాలం సంగతి. జపానులోను, అమెరికాలోను ఆనాటి టెలివిజన్ తెర సెకనుకు సుమారు 60 మార్లు చిత్రం గీసేది. మన దేశపు పద్ధతిలో 50 మార్లే. ఆ కాలపు ఆటలు సాధారణంగా తెర ఒకసారి గీయబడినప్పుడల్లా సంగీతాన్ని ఒక అడుగు ముందుకు నడిపేవి. కనుక అక్కడ 60 సెకన్లలో ముగిసే వరుస ఇక్కడ 72 సెకన్లు సాగుతుంది. ఇది చిన్న తేడా కాదు. తాళం వేసే చేయి వెంటనే గుర్తుపడుతుంది.

రికార్డును తక్కువ వేగంతో త్రిప్పితే కాలం సాగడమే కాక శ్రుతి కూడా దిగుతుందని మీకు తెలుసు. ఇక్కడ అట్లు జరగలేదు. శ్రుతిని నిర్ణయించేది తెర కాదు, చిప్పును నడిపే గడియారపు స్పందన. అసలు యంత్రంలో అది సెకనుకు సుమారు 17 లక్షల 90 వేలు. 50 చిత్రాల పద్ధతికి చేసిన అనుకరణ యంత్రాలలో సుమారు 17 లక్షల 73 వేలు. తేడా నూటికి ఒకటైనా లేదు. ఒక స్వరస్థానానికీ దాని ప్రక్కదానికీ తేడా నూటికి ఆరు అని తలచుకొంటే, ఇది చెవికి ఆనని సంగతి. ఐరోపాలో నింటెండోవారే అమ్మిన యంత్రంలో మాత్రం స్పందన 16 లక్షల 63 వేలకు తగ్గినది. ఆటను అందుకు తగినట్లు సవరించకపోతే, అక్కడి పిల్లలు పాటను నెమ్మదిగానూ, ఒక స్వరస్థానానికి పైగా దిగిన శ్రుతిలోనూ వినవలసినదే. మేము విన్నది శ్రుతి చెడక విలంబమైన పాట.

మూడవది నాదం. ఆ చిప్పుకు ఐదు గొంతులు ఉన్నవి. రెండు చతురస్ర తరంగాలు, ఒకటి త్రికోణ తరంగం, ఒకటి గరగరమనే రొద, ఒకటి ముందుగా పట్టి ఉంచిన చిన్న ధ్వనులకు. రాగం మోసేవి ముఖ్యంగా మొదటి రెండు. తరంగం ఎంత భాగం పైన నిలుస్తుందన్న దానిని బట్టి వాటి గొంతు మారుతుంది. సగం పైన, సగం క్రింద ఉంటే పెండ్లి బ్యాండులోని క్లారినెట్ వలె గుల్లగా పలుకుతుంది. నాలుగవ వంతే పైన ఉంటే సన్నగా, ముక్కుతో పాడినట్లు వినిపిస్తుంది. అనుకరణ చిప్పులలో చాలావాటియందు ఈ రెండు అమరికలు తారుమారైనవి. స్వరకర్త ముక్కుగొంతు కోరినచోట గుల్లగొంతు, గుల్లగొంతు కోరినచోట ముక్కుగొంతు పలికేవి. ఈ పొరపాటు తెలియక కోటానుకోట్ల పిల్లలు దానినే పాటగా నేర్చుకొన్నారు.

నాలుగవది మౌనం. ఉన్న గొంతులు కొద్ది కనుక, దెబ్బ చప్పుడు వినిపించవలసి వచ్చినప్పుడు యంత్రం పాటలోని ఒక గొంతును ఆపి, దానితోనే ఆ చప్పుడు చేయించేది. ఆ క్షణంలో పాటకు చిల్లు పడేది. కుస్తీ ఆటలో దెబ్బలకు కొదువ లేదు గదా! విడిగా పట్టి నాకు పంపిన పాటలో ఒక్క చిల్లూ లేదు. అందువల్ల కూడా అది పరాయిగా తోచినది.

వేమన పద్యాల వ్రాతప్రతులను బ్రౌను దొర సేకరించినప్పుడు ఒకే పద్యానికి ఎన్నో పాఠాంతరాలు కనిపించినవి. ఏ ఊరి ప్రతి చదివినవారికి ఆ ఊరి పాఠమే వేమన. మా పాట విషయమూ అంతే. అన్నయ్య పంపినది మూలపాఠం. మేము ఎరిగినది మంగళగిరి పాఠం.

ఈ ఊహను పరీక్షించే మార్గం ఉన్నది. పాత యంత్రాలను కంప్యూటరులో అనుకరించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాములలో కొన్నింటియందు 50 చిత్రాల అనుకరణ యంత్రపు పద్ధతిని ఎంచుకోవచ్చును. ఎఫ్.సి.ఇ.యు.ఎక్స్. అనేదానిలో చతురస్ర తరంగాల అమరికను తారుమారు చేసే మీట కూడా ఉన్నది. అన్నయ్య అక్కడ, నేను ఇక్కడ, ఆ రెండూ అమర్చి ఆట మొదలుపెట్టినాము. పాట నెమ్మదించినది. గొంతు మారినది. మొదటి దెబ్బకు చిల్లు పడినది. కొంతసేపు ఇద్దరమూ మాట్లాడలేదు.

"ఇదేరా" అన్నాడు అన్నయ్య. మరికొంతసేపటికి, "మగ్గం చప్పుడు ఏదిరా?" అన్నాడు.

దానికి మీట లేదు.

తరువాతి కాలపు కుస్తీ ఆటలలో నిరాశకు కారణం వేరు. 1989లో డేవిడ్ వైజ్ అనే స్వరకర్త "డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. రెజిల్‌మేనియా" ఆటకు మల్లుల ప్రవేశగీతాలను ఇదే ఐదు గొంతుల చిప్పుకు కుదించినాడు. రాండీ సావేజ్ ప్రవేశానికి వాడేది ఎడ్వర్డ్ ఎల్గార్ 1901లో కూర్చిన కవాతు సంగీతం. వాద్యబృందమంతా వాయించేదానిని మూడు నాలుగు గొంతులలోకి దింపడం సామాన్యమైన విద్య కాదు. సీడీలు వచ్చిన తరువాత ఆ కష్టం తీరినది. అసలు పాటనే వినిపించవచ్చును. కాని అసలు పాటకు హక్కుదారులు ఉంటారు, ఒప్పందాలకు గడువులు ఉంటవి. అందువల్ల ఇటీవలి కుస్తీ ఆటలు కొన్ని, వెలువడిన కొద్ది సంవత్సరాలకే డిజిటల్ అంగళ్ళనుండి ఉపసంహరింపబడినవి. 1991 నాటి "రెజిల్‌ఫెస్ట్"కు కొనసాగింపుగా 2021లో "రెట్రోమేనియా రెజ్లింగ్" వచ్చినది. ఇట్టి క్రొత్త ఆట పాతదాని పోలికలను ఎంత శ్రద్ధగా పట్టుకొన్నా, ప్రతి వీధిలోనూ వినిపించిన పాఠాన్ని తిరిగి ఇవ్వలేదు. ఆ లోపం దానిది కాదు.

రేడియోలో పనిచేసేవారికి ఇందులో ఒక పాఠం ఉన్నది. స్వరకర్త వ్రాసినదానిని భద్రపరచేవారు ప్రపంచంలో ఉన్నారు. విన్నవారు విన్నదానిని భద్రపరచేవారు తక్కువ. మీ ఇంటి అటక మీద ఆనాటి యంత్రం ఉంటే పారవేయకండి. పనిచేస్తూ ఉంటే, పాత టెలివిజన్‌కు తగిలించి, గదిలోని చప్పుళ్ళతో సహా ఒక పది నిమిషాలు రికార్డు చేసి ఉంచండి. ప్రక్కగదిలో ఎవరైనా మాట్లాడుతూ ఉంటే ఆపమనకండి.

మొన్న మంగళగిరి వెళ్ళినప్పుడు ఆ ఇంటికి పోయినాను. మగ్గపు గుంటను పూడ్చి నేల చదును చేసినారు. అబ్బాయి తల్లిగారికి ఫోనులో ఆ పాట వినిపించినాను. ఆమె కొద్దిసేపు విని, "ఈ గోల ఆపి అన్నానికి రండిరా అని ఎన్ని మార్లు అరిచేదాన్నో" అన్నారు. ఫోను తిరిగి ఇవ్వకుండా ఇంకొకసారి పెట్టమన్నారు.