నెట్‌బుక్కులో లినక్సు స్థాపన విఫలమైనప్పుడు

పంచాయతీ కార్యాలయముల బీరువాలలోను, పాఠశాలల సామాను గదులలోను నెట్‌బుక్కు అనబడు చిన్న కంప్యూటరులు కొన్ని చోట్ల నేటికిని పనిలేక పడియున్నవి. తైవాన్ దేశపు ఆసుస్ కంపెనీవారు 2007వ సంవత్సరమున ‘ఈఈ పీసీ’ అను పేరుతో ఈ జాతి యంత్రమును మొదట విక్రయించిరి. ఏడు అంగుళముల తెర, నాలుగు గిగాబైట్ల నిలువ స్థలము కలిగిన ఆ తొలి యంత్రము లినక్సుతోనే వెలువడినదని నేడు చాలమందికి తెలియదు. ఆ మరుసటి సంవత్సరమున ఏసరు, హెచ్‌పీ మున్నగు కంపెనీలును ఇట్టివి తయారుచేసినవి. తరువాత వచ్చిన వానిలో పెక్కింటికి విండోస్ ఎక్స్‌పీ గాని, విండోస్ 7 గాని అమర్చబడినది. ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిలు 8తోను, విండోస్ 7కు 2020 జనవరి 14తోను నిలిచిపోయినవి. అనంతరము వచ్చిన విండోస్ 10కి సైతము 2025 అక్టోబరు 14తో సాధారణ పోషణ ముగిసినది.

ఈ పరిస్థితిలో వెలలేకుండ లభించు లినక్సును అట్టి యంత్రమునకు ఎక్కింపవలెనని కొన్ని పంచాయతీలు తలపెట్టుట సహజము. హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన ఈ వ్యవస్థ నేడు ప్రపంచమందలి పెద్ద కంప్యూటరులలో విశేషభాగమును నడపుచున్నది. కాని పెన్‌డ్రైవు గ్రుచ్చి యంత్రమును వెలిగించునప్పటికి తెర నల్లగా నిలిచిపోవును, లేదా పాత విండోసే మరల ప్రత్యక్షమగును. అంతట ‘యంత్రము చెడిపోయినది, వేలము వేయుడు’ అని ఎవరో ఒకరు అందురు. ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు, గ్రామసభ తీర్మానముల ప్రతులు, నీటి కుళాయిల జాబితా ఆ యంత్రమునందే ఉండినచో, అవియు తూకమునకు పోవును. స్థాపన విఫలమైన యంత్రములలో అధికభాగము చెడిపోయినవి కావని మా అభిప్రాయము. ఎక్కడ ఆగినదో గుర్తింపగలిగినచో వానిని చాలవరకు సరిచేయవచ్చును. ఈ పని సభ్యులు స్వయముగా చేయనక్కరలేదు. చేయువానిని ఏమి అడుగవలెనో తెలిసికొనినచో చాలును.

అన్నిటికంటె ముందు రికార్డుల మాట. స్థాపనలో ‘డిస్కు అంతయు చెరిపివేయుము’ అను ఒక ఐచ్ఛికము వచ్చును. దానికి సమ్మతించిన పిమ్మట పాత దస్త్రములను తిరిగి రప్పించుట మిక్కిలి కష్టము. కావున వానిని వేరొక డిస్కునకు ప్రతిచేసి, ఆ ప్రతిని మరియొక కంప్యూటరులో తెరచి చూచువరకు స్థాపనకు అనుమతి నీయరాదు. విండోసు తెరుచుకొననంత మాత్రమున దస్త్రములు పోయినట్లు కాదు. ‘యాంటీఎక్స్’ వంటి కొన్ని లినక్సు పంపిణీలను డిస్కుపై స్థాపింపకయే పెన్‌డ్రైవు నుండి నేరుగా నడపవచ్చును. అట్లు నడపి లోపలి దస్త్రములను బయటకు తీసికొనవచ్చును.

ఇందు మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. చాల కార్యాలయములలో పూర్వము తెలుగు పత్రములను ‘అను’ అక్షరరూపములతో టైపుచేసిరి. అవి యూనికోడు పద్ధతికి చెందినవి కావు. ఆ దస్త్రమును లినక్సులో తెరచినచో తెలుగునకు బదులు అర్థములేని ఆంగ్లాక్షరములు, చిహ్నములు కనబడును. దస్త్రము పాడైనదని భయపడనక్కరలేదు. ముఖ్యమైన పత్రములను పాత యంత్రమునందే పీడీఎఫ్ రూపమున భద్రపరచినచో ఎక్కడనైనను చదువవచ్చును. తిరిగి దిద్దవలసిన వానిని మాత్రము యూనికోడులోనికి మార్పించుకొనవలెను. విండోసును చెరిపిన తరువాత ఈ పని రెట్టింపగును.

బోరు నుండి నీరు రానప్పుడు మనము వెంటనే మోటారును పైకి లాగము. ముందు కరెంటు, పిమ్మట ఫ్యూజు, స్టార్టరు చూచి, తుదకు గదా మోటారును అనుమానింతుము? ఇక్కడను అదే వరుస.

పెన్‌డ్రైవును యంత్రము గుర్తింపనే లేదు, పాత విండోసే వచ్చినది అనుకొందము. ఇందుకు కారణము తరచుగా పెన్‌డ్రైవునందే ఉండును. అంతర్జాలము నుండి తెచ్చిన లినక్సు ప్రతి ‘ఐఎస్‌ఓ’ అను ఒకే దస్త్రముగా వచ్చును. దానిని మామూలు దస్త్రమువలె పెన్‌డ్రైవులోనికి ప్రతిచేసినచో అది అక్కడ పడియుండునే గాని యంత్రమును నడపజాలదు. ‘రూఫస్’ గాని, ‘ఎచర్’ గాని అను ఉపకరణముతో దానిని పెన్‌డ్రైవుపై వ్రాయవలెను. అట్లు వ్రాయునపుడు పెన్‌డ్రైవులో పూర్వమున్నదంతయు నశించును. వ్రాసిన పిమ్మట ఆ పెన్‌డ్రైవును విండోసు యంత్రమునకు తగిలించినచో, ‘దీనిని ఫార్మాటు చేయవలెనా?’ అని అది ప్రశ్నించుట కలదు. చేయకూడదు! ఆ ఒక్క మీటతో చేసిన పని వ్యర్థమగును.

గ్రామములలో అంతర్జాలము మధ్య మధ్య తెగుచుండుటచే దస్త్రము అసంపూర్ణముగా దిగుటయు కలదు. పంపిణీదారులు ప్రతి దస్త్రమునకు ‘షా 256’ అను అరువదినాలుగు అక్షరముల సరిచూపు సంఖ్యను ప్రకటింతురు. మనకు దిగిన దస్త్రమునకు అదే సంఖ్యను లెక్కగట్టి పోల్చవలెను. ఒక్క అక్షరము తేడా వచ్చినను దస్త్రమును మరల దించుకొనుటయే మార్గము.

పెన్‌డ్రైవు సరిగానే ఉన్నచో, యంత్రమునకు దానినుండి మొదలిడుమని చెప్పవలెను. వెలిగించిన వెంటనే ఈఈ పీసీలో ‘ఎస్కేప్’ మీటను నొక్కినచో ఏ పరికరమునుండి మొదలిడవలెనో అడుగు జాబితా వచ్చును. ఏసరు యాస్పైర్ వన్‌లో ‘ఎఫ్ 12’ అందుకు ఉద్దేశింపబడినదైనను, ‘ఎఫ్ 2’ నొక్కి బయాసులోనికి పోయి దానిని ముందుగా అనుమతింపవలసి రావచ్చును. ఈఈ పీసీలలో ‘బూట్ బూస్టరు’ అను సౌకర్యము ఆరంభమును త్వరపరచుటకై ఈ మీటలకు అవకాశమీయదు. బయాసులో దానిని ఆపివేయవలెను. మరియొక మెలిక: కొన్ని బయాసులు పెన్‌డ్రైవును ‘తొలగింపదగిన పరికరము’గా గాక హార్డుడిస్కుల జాబితాలో చేర్చును. ఆ జాబితాను తెరచి అందు పెన్‌డ్రైవును మొదటి స్థానమునకు తేనిచో, పై వరుసను ఎన్ని మారులు మార్చినను ఫలితముండదు.

ఇక తరచుగా ఎదురగునది, తరచుగా అపార్థము చేసికొనబడునది ఒకటి కలదు. పెన్‌డ్రైవు నుండి పని మొదలై, ఒకటి రెండు ఆంగ్ల పంక్తులు కనబడి ఆగిపోవును. ‘ఈ కెర్నెలునకు 64 బిట్ల ప్రాసెసరు కావలెను, ఇచ్చట ఉన్నది ఐ686 మాత్రమే’ అని ఆ పంక్తుల భావము. ఇది జబ్బు కాదు, కొలత కుదరకపోవుట. ఇంటెల్ ఆటమ్ ఎన్ 270, ఎన్ 280 ప్రాసెసరులు 32 బిట్లవి. 2010 ప్రాంతమున వచ్చిన ఎన్ 450, ఎన్ 455, ఎన్ 550 మాత్రము 64 బిట్లను నడపగలవు. ఈ పేరు యంత్రము అట్టమీది చీటీపై గాని, బయాసు మొదటి పుటలో గాని ఉండును. నేటి పంపిణీలలో పెక్కు 64 బిట్లకే తయారగుచున్నవి. ఉబుంటువారు 2017 నుండి డెస్కుటాపు స్థాపన ప్రతులను 32 బిట్లకు ఇచ్చుట మానిరి. డెబియన్‌వారు 2023 జూనులో విడుదల చేసిన 12వ కూర్పునకు 32 బిట్ల స్థాపన ప్రతి కలదు. 2025 ఆగస్టులో వచ్చిన 13వ కూర్పునకు లేదు. కావున ఎన్ 270 యంత్రమున్న పంచాయతీ ‘సరిక్రొత్తది ఎక్కింపుడు’ అని పట్టుబట్టుట తగదు. డెబియన్ 12 గాని, యాంటీఎక్స్ 32 బిట్ల ప్రతి గాని అడుగవలెను. డెబియన్ 12కు దీర్ఘకాల పోషణ 2028 జూనుతో ముగియునని ప్రకటింపబడియున్నది. ఆ గడువు తెలిసియే ఈ పనికి పూనుకొనవలెను.

జాబితా వరకు వచ్చి, అటుపిమ్మట తెర నల్లబడి నిలిచిపోయినచో అనుమానము చిత్రభాగముపైకి పోవును. ఆరంభ జాబితాలో ‘టాబ్’ మీట నొక్కి, వచ్చిన పంక్తి చివర ఎడమిచ్చి, నో, మోడ్, సెట్ అను మూడు ఆంగ్ల పదములను నడుమ ఎడము లేక కలిపి వ్రాసి ‘ఎంటరు’ నొక్కిచూడవలెను. కొన్ని జాబితాలలో ‘టాబ్’కు బదులు ‘ఇ’ అక్షరము నొక్కవలసియుండును. చిత్రములతో కూడిన స్థాపన కుదరనిచో అక్షరములతో మాత్రమే సాగు స్థాపనను ఎన్నుకొనవచ్చును. ఒక గిగాబైటు జ్ఞాపకశక్తి మాత్రమే గల యంత్రమునకు నిజమున కదియే శ్రేయస్కరము.

నెట్‌బుక్కు తెర చాల వరకు 1024కు 600 చుక్కల కొలతది. కొన్ని స్థాపన కిటికీలు అంతకంటె ఎత్తుగా ఉండుటచే ‘తరువాత’ అను మీట తెరకు దిగువన దాగిపోవును. పనివాడు యంత్రము నిలిచిపోయినదనుకొని ఆపివేయును. ‘ఆల్ట్’ మీటను పట్టియుంచి మౌసుతో కిటికీని పైకి లాగినచో దాగిన మీట బయటపడును. ఇంత చిన్న విషయమునకు యంత్రమును మూలపడవేయుట కంటె విచారకరమైనది మరొకటి లేదు.

వైఫై పనిచేయకపోయినచో స్థాపనను ఆపనక్కరలేదు. డెబియన్ 12 మొదలుకొని చాల పరికరములకు కావలసిన ఫర్మువేరు స్థాపన ప్రతిలోనే చేర్చబడినది; కాని కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై బిళ్ళలకు దానిని తరువాత దించుకొనవలసియున్నది. అంతవరకు నెట్‌వర్కు తీగను గాని, యూఎస్‌బీ తీగ ద్వారా సెల్‌ఫోను అంతర్జాలమును గాని వాడుకొనవచ్చును. అంతర్జాలము మిక్కిలి మందముగానున్న గ్రామములకు, చిన్న ప్రతికి మారుగా డీవీడీ కొలత ప్రతిని పట్టణమునందే దించుకొని వచ్చుట మేలు.

స్థాపన నడుచుచుండగా కరెంటు పోవుట మన ఊళ్లలో వింత కాదు. పాత నెట్‌బుక్కు బ్యాటరీ సామాన్యముగా నిలువదు. కావున పని మొదలిడుటకు ముందు ఇన్వర్టరు గల గది చూచుకొనవలెను.

అన్నియు సవ్యముగా జరిగి ‘స్థాపన పూర్తియైనది’ అను వాక్యము వచ్చిన తరువాత గూడ యంత్రము మొరాయించుట కలదు. పెన్‌డ్రైవు ఉన్నంతసేపు నడచును; తీసివేయగనే ‘బూటు చేయదగిన పరికరము లేదు’ అనును. ఇది చూచి డిస్కు పోయినదని తీర్మానించువారు పలువురు. లినక్సును మేల్కొలుపు ‘గ్రబ్’ అను చిన్న కార్యక్రమము యంత్రపు డిస్కుపై గాక పెన్‌డ్రైవుపై వ్రాయబడుటయే ఇందులకు సాధారణమైన కారణము. పెన్‌డ్రైవునుండి మొదలిడిన యంత్రము ఒక్కొక్కప్పుడు పెన్‌డ్రైవునే మొదటి డిస్కుగా లెక్కించును. కావున ‘గ్రబ్‌ను ఎందు వ్రాయవలెను?’ అను ప్రశ్న వచ్చినప్పుడు ‘ఎస్‌డీఏ’, ‘ఎస్‌డీబీ’ అను అక్షరములను నమ్మక, ప్రక్కన చూపబడు కంపెనీ పేరును చూడవలెను. విభజన పుటలో డిస్కుల కొలతలును కనబడును. 160 గిగాబైట్లది యంత్రపు డిస్కు, 8 గిగాబైట్లది పెన్‌డ్రైవు అని గుర్తుపెట్టుకొనుట కష్టము కాదు. పొరపాటు జరిగియుండినను మొత్తము స్థాపనను తిరిగి చేయనక్కరలేదు. డెబియన్ పెన్‌డ్రైవు నుండి ‘రెస్క్యూ’ విధానములోనికి పోయి, యంత్రపు డిస్కులోని లినక్సు విభాగమును ఎన్నుకొని, గ్రబ్‌ను ఆ డిస్కుపై మరల వ్రాయించినచో సరిపోవును. కొద్ది నిమిషముల పని.

యంత్రము ప్రతిదినము తేదీని మరచి పాత సంవత్సరమును చూపుచున్నను, మార్చిన బూటు వరుసను మరచుచున్నను, లోపలి నాణెపు ఘటము అయిపోయినదని గ్రహింపవలెను. తేదీ తప్పైనచో సురక్షిత వెబ్ పుటలు తెరుచుకొనవు, లినక్సు సవరణలును దిగవు. లినక్సుపై వచ్చు ఫిర్యాదులలో కొన్నింటికి ఈ ఘటమే మూలము.

ఇంత శ్రమకు యంత్రము తగునా అను ప్రశ్న సమంజసమైనది. లిబ్రే ఆఫీసుతో రిజిస్టరులు వ్రాసికొనుటకు, యూనికోడు తెలుగులో నోటీసులు టైపుచేయుటకు, ముద్రించుటకు ఒక గిగాబైటు నెట్‌బుక్కు తగును. నేటి బరువైన వెబ్ పుటలకు అది చాలదు. 2020 ఏప్రిలు 24న ప్రారంభమైన ‘ఈ–గ్రామస్వరాజ్’ ద్వారా జరుగు చెల్లింపులకు, డిజిటల్ సంతకపు టోకెనులకు దీనిని వినియోగింపవద్దని మేము చెప్పుదుము. అందుకు పోషణలో నున్న మంచి కంప్యూటరు ఉండవలెను.

పని ముగిసిన పిమ్మట ప్రాసెసరు పేరు, ఎక్కించిన లినక్సు కూర్పు, స్థాపన తేదీ ఒక చీటీపై వ్రాసి యంత్రమునకు అంటించి, అవే వివరములను స్టాకు రిజిస్టరులో నమోదు చేయింపవలెను. సంకేతపదము ఆపరేటరు వద్ద మాత్రమే గాక, ముద్రవేసిన కవరులో కార్యదర్శి వద్దను ఉండవలెను. స్థాపనకు వాడిన పెన్‌డ్రైవును చెరిపివేయక ఆ కవరుతోపాటు బీరువాలో ఉంచినచో, మరల గ్రబ్ తప్పినప్పుడు పట్టణమునకు పోవలసిన పని యుండదు.