అలెగ్జాండర్ తరువాత గ్రీసు ఏమైంది?

"కేంద్రం మొండిచెయ్యి చూపింది" అని మన పత్రికలు ఏడాదికి పదిసార్లయినా రాస్తాయి. కేంద్రాన్ని దుయ్యబట్టే ప్రతి ఉపన్యాసకుడూ తనకు తెలియకుండానే ఒక గ్రీకు మాట వాడుతున్నాడు. వృత్తం గీసేటప్పుడు ముల్లు గుచ్చే చోటును గ్రీకులు 'కెంట్రోన్' అన్నారు. జ్యోతిషంతో పాటు ఆ మాట సంస్కృతంలోకి వచ్చి 'కేంద్రం' అయింది. పంచాంగంలో మనం చూసుకునే 'హోర' కూడా అక్కడిదే. మన పురాణాల్లోని 'యవనులు' మొదట్లో అయోనియా తీరపు గ్రీకులే. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ఎవరో గ్రీకు వర్తకుడు రాసిన 'పెరిప్లస్' అనే సముద్రయాన గ్రంథంలో 'మసాలియా' అనే తీరం ఉంది. అది మన కృష్ణా ముఖద్వార ప్రాంతమేననీ, మసూలా పేరు అందులో దాగి ఉందనీ పండితులు చెబుతారు. అక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా నేస్తారని ఆ వర్తకుడు రాసుకున్నాడు.

ఇంత పాత పరిచయం ఉన్నా, గ్రీసు గురించి మనకు తెలిసినదెంత? సోక్రటీసు విషం తాగాడు, పురుషోత్తముడితో అలెగ్జాండర్ యుద్ధం చేశాడు, తిరిగి వెడుతూ బాబిలోన్‌లో చనిపోయాడు. క్రీ.పూ. 323. అక్కడితో పాఠం అయిపోయింది, గంట కొట్టారు. ఒక మనిషికి ఇరవై ఏళ్ళు వచ్చేదాకా చరిత్ర చెప్పి, తరువాతి అరవై ఏళ్ళూ వదిలేసినట్లుంటుంది ఇది. ఆ జాతి ఇప్పటికీ ఉంది, ఆ భాష ఇప్పటికీ మాట్లాడుతూనే ఉంది. పాఠం ఆగిపోయిన చోటు నుంచి వాళ్ళు పడిన అవస్థలో పెద్ద భాగం, పాఠంలో ఉన్న ఆ తాతముత్తాతల వల్లనే వచ్చిందంటే కొంచెం వింతగా ఉంటుంది.

ముందు ఆ తాతల సంగతి. క్రీట్ దీవిలోని నోసోస్‌లోనూ, గ్రీసులోని పైలోస్‌లోనూ తవ్వకాల్లో మట్టిపలకలు దొరికాయి. వాటి లిపిని 1952లో చదివినవాడు ఆచార్యుడు కాదు, మైకేల్ వెంట్రిస్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు. ఆ భాష గ్రీకేనని తేలింది. క్రీ.పూ. 1400 ప్రాంతం నాటి గ్రీకు! అందులో కావ్యాలుంటాయని ఆశపడ్డవాళ్ళకు నిరాశే మిగిలింది. ఎన్ని గొర్రెలు, ఎంత నూనె, ఎన్ని రథచక్రాలు అంటూ అన్నీ లెక్కలే, మన కరణాల దస్తరాల్లాగా. ఆ రాజప్రాసాదాలు కాలిపోయాయి. ఆ మంటల్లో కాలడం వల్లనే పచ్చిమట్టి పలకలు గట్టిపడి మనదాకా వచ్చాయి. క్రీ.పూ. 1200 తరువాత ఆ వ్యవస్థ కూలిపోయి, గ్రీకులు రాయడమే మరిచిపోయారు. సుమారు నాలుగు వందల ఏళ్ళు అంతే. మళ్ళీ ఫినీషియన్ వర్తకుల దగ్గర అక్షరాలు అరువు తెచ్చుకుని, వాటికి అచ్చులు చేర్చి కొత్తగా మొదలుపెట్టారు.

ఏథెన్స్ ప్రజాస్వామ్యం గురించి అందరికీ తెలుసు కాని, అది ఎక్కడ మొదలైందో చూడండి. అప్పు తీర్చలేని రైతు తన ఒంటినే తాకట్టు పెట్టి బానిసయ్యేవాడు. క్రీ.పూ. 594లో సోలోన్ ఆ పద్ధతిని రద్దు చేశాడు. అంటే ప్రజాస్వామ్యానికి మొదటి మెట్టు ఓటు కాదు, అప్పు నుంచి విముక్తి. 508లో క్లెయిస్థెనీస్ కులపెద్దల పట్టు తప్పించి జనాన్ని కొత్తగా విభజించాడు. ఐదువందల మంది సభ్యుల మండలినీ, చాలామంది అధికారులనూ చీట్లు వేసి తీసేవారు. ఓట్లతో ఎన్నుకుంటే డబ్బున్నవాడూ పేరున్నవాడే గెలుస్తాడని వాళ్ళ అనుమానం. (మన యూనియన్ ఎన్నికలు చూసినవాళ్ళెవరూ ఆ అనుమానాన్ని కొట్టిపారెయ్యలేరు.) సేనాపతులను మాత్రం చేతులెత్తి ఎన్నుకునేవారు, యుద్ధాన్ని చీటీకి వదలలేదు. న్యాయసభల్లో కూర్చున్నవాడికి పెరిక్లీస్ కాలంలో దినభత్యం ఏర్పాటు చేశారు, కూలి మానుకుని వచ్చే పేదవాడు నష్టపోకూడదని.

అదే ఏథెన్స్‌లో స్త్రీలకూ, బానిసలకూ, బయటినుంచి వచ్చి స్థిరపడ్డవారికీ ఈ హక్కులేవీ లేవు. క్రీ.పూ. 416లో మెలోస్ అనే చిన్న దీవి తమకు లొంగలేదని, అక్కడి మగవాళ్ళను చంపి ఆడవాళ్ళనూ పిల్లలనూ బానిసలుగా అమ్మిందీ ఆ ప్రజాస్వామ్యమే. 399లో సోక్రటీసుకు మరణశిక్ష వేసింది ఏ నియంతో కాదు, చీట్లమీద వచ్చిన సామాన్య పౌరులే. మారథాన్, సలామిస్ విజయాలు చెప్పేటప్పుడు ఈ లెక్క కూడా చెప్పాలి.

తరువాత మాసిడోనియా వచ్చింది, రోము వచ్చింది. అలెగ్జాండర్ సామ్రాజ్యం ముక్కలైనా భాష మాత్రం నిలబడింది. ఈజిప్టు నుంచి ఆఫ్ఘనిస్తాన్ దాకా వ్యవహారానికి గ్రీకే. మన అశోకుడు కూడా కాందహార్‌లో ధర్మశాసనాన్ని గ్రీకులోనూ అరమాయిక్‌లోనూ చెక్కించాడు; ఆ శిల 1958లో బయటపడింది. క్రైస్తవుల 'కొత్త నిబంధన' రాసినదీ ఆనాటి వాడుక గ్రీకులోనే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు దీనికోసం రక్తం కారబోతోంది.

క్రీ.శ. 330లో రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కు మారింది. అక్కడ వెయ్యేళ్ళకు పైగా గ్రీకు మాట్లాడే క్రైస్తవ సామ్రాజ్యం నడిచింది. తమాషా ఏమంటే, వాళ్ళు తమను గ్రీకులనుకోలేదు, 'రోమీయులం' అనుకున్నారు. 'హెల్లెన్' అంటే వాళ్ళ దృష్టిలో విగ్రహారాధకుడు. 529లో జస్టీనియన్ చక్రవర్తి ఏథెన్స్‌లో తత్త్వశాస్త్ర బోధన ఆపించాడు. 1453 మే 29న ఆ నగరం తురుష్కుల వశమైంది.

ఈ మార్పులన్నీ ఒక్క కట్టడం మీద చూడవచ్చు. క్రీ.పూ. 447లో మొదలుపెట్టిన ఎథీనా దేవి ఆలయం పార్థినాన్ తరువాత చర్చి అయింది, ఆ తరువాత మసీదయింది, చివరికి మందుగుండు కొట్టయింది. 1687లో వెనిస్ సైన్యం పేల్చిన గుండు దాని మీద పడి నడిమి భాగం ఎగిరిపోయింది. మిగిలిన శిల్పాల్లో సగం దాకా ఎల్గిన్ ప్రభువు ఊడదీయించి తీసుకుపోతే, 1816లో బ్రిటిష్ మ్యూజియం కొనుక్కుంది. 2009లో ఏథెన్స్‌లో కొత్త మ్యూజియం తెరిచినప్పుడు, లండన్‌లో ఉన్న రాళ్ళ చోట ప్లాస్టర్ నకళ్ళు పెట్టారు. వాటి తెల్లదనం చూస్తే చాలు, ఏది తమ దగ్గర లేదో తెలిసిపోతుంది.

1821లో తిరుగుబాటు లేచింది. మరుసటేడు కియోస్ దీవిలో వేలాదిమందిని ఊచకోత కోశారు. ఇంగ్లీషు కవి బైరన్ పోరాటానికి సాయం చేయడానికి వెళ్ళి 1824లో మిస్సొలోంగీలో జ్వరంతో చనిపోయాడు. 1827లో నవరీనో దగ్గర బ్రిటిషు, ఫ్రెంచి, రష్యా నౌకలు తురుష్క నౌకాదళాన్ని ముంచాయి. 1830లో స్వతంత్ర రాజ్యం ఏర్పడింది. దానికి పెద్ద రాజ్యాలు ఇచ్చిన రాజు గ్రీకువాడు కాదు. ఒట్టో అనే పదిహేడేళ్ళ బవేరియా కుర్రవాడు. ఏథెన్స్ అప్పటికి ఒక చితికిపోయిన చిన్న ఊరు. అయినా 1834లో అదే రాజధాని అయింది, శిథిలాల గౌరవం కోసం. యూరపు పండితులు అక్కడ పెరిక్లీసు మనుమలను చూడాలని వచ్చారు. కనిపించినవాళ్ళు గొర్రెల కాపరులు, రైతులు, నావికులు. వాళ్ళు మాట్లాడే గ్రీకు రెండువేల ఏళ్ళలో మారిపోయి ఉంది.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. కొరాయిస్ వంటి పండితులు వాడుకభాషను కడిగి, పాత భాషకు దగ్గరగా దిద్దాలన్నారు. అలా పుట్టిందే 'కథరెవుసా', అంటే శుద్ధభాష. బడిలో, కోర్టులో, పత్రికలో అదే. ఇంట్లో 'దిమొతికి', అంటే జనభాష. రొట్టెను ఇంట్లో 'ప్సొమి' అంటారు. రొట్టెల దుకాణం బోర్డు మీద మాత్రం 'ఆర్టోస్' అనే పాత మాటతో కట్టిన పేరు. నీళ్ళు ఇంట్లో 'నెరో', పుస్తకంలో 'ఇదోర్'. మన గ్రాంథిక వ్యావహారిక వివాదం, గిడుగు రామమూర్తి పంతులుగారి పోరాటం తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. కాకపోతే మనవాళ్ళు పత్రికల్లో, సభల్లో వాదించుకున్నారు. అక్కడ తుపాకులు పేలాయి.

అలెగ్జాండ్రోస్ పల్లిస్ అనే వర్తకుడు, మన బొంబాయిలో కూడా చాలాకాలం ఉద్యోగం చేసినవాడు, సువార్తలను జనభాషలోకి అనువదించాడు. 1901లో 'అక్రొపొలిస్' పత్రిక దాన్ని ప్రచురించడం మొదలుపెట్టింది. ఏథెన్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులు భగ్గుమన్నారు. పవిత్ర గ్రంథాన్ని బజారుభాషలోకి దించారనీ, దీని వెనుక స్లావుల కుట్ర ఉందనీ ఊరేగారు. నవంబరులో జరిగిన ఘర్షణలో ఎనిమిదిమంది చనిపోయారు. ప్రభుత్వం పడిపోయింది. 1911 రాజ్యాంగంలో అధికారభాషకు రక్షణగా ఒక నిబంధన కూడా పెట్టారు. ఆనాడు విద్యార్థులు పొరబడ్డారనే నా అభిప్రాయం. మూలగ్రంథమే ఒకప్పటి వాడుకభాషలో ఉందన్న సంగతి వాళ్ళకు చెప్పవలసిన ఆచార్యులు కొందరు వాళ్ళను ఎగదోశారు.

పాత వైభవం పిచ్చి భాషతో ఆగలేదు. కాన్‌స్టాంటినోపుల్ మళ్ళీ మనదే కావాలన్న 'మహా సంకల్పం'తో 1919లో గ్రీకు సైన్యం స్మిర్నాలో దిగి, అనటోలియా లోపలికి చొచ్చుకుపోయి, 1922లో ఘోరంగా ఓడిపోయింది. స్మిర్నా నగరం తగలబడింది. 1923లో లొసాన్‌లో జనాభా మార్పిడికి ఒప్పుకున్నారు. సుమారు 12 లక్షలమంది క్రైస్తవులు గ్రీసుకూ, దాదాపు 4 లక్షలమంది ముస్లిములు టర్కీకీ. విభజనకు గీటురాయి భాష కాదు, మతం. తురుష్కభాష తప్ప మరొకటి రాని క్రైస్తవులను గ్రీసుకు పంపారు. గ్రీకు తప్ప మరొకటి రాని క్రీట్ ముస్లిములను టర్కీకి పంపారు. వందేళ్ళపాటు ఏ భాష స్వచ్ఛమైనదని కొట్టుకున్న దేశంలో, తీరా అవసరం వచ్చినప్పుడు భాషను ఎవరూ అడగలేదు. సుమారు 50 లక్షల జనాభా ఉన్న దేశం అంతమంది కాందిశీకులను మోయవలసి వచ్చింది. 1947 చూసిన మనకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు.

1941లో జర్మన్లు వచ్చారు. అక్రొపొలిస్ మీద స్వస్తిక జెండా ఎగిరింది. మే 30 రాత్రి మనొలిస్ గ్లెజోస్, అపోస్తొలొస్ సాంతాస్ అనే ఇద్దరు విద్యార్థులు కొండ ఎక్కి దాన్ని దించేశారు. ఇద్దరికీ ఇరవై ఏళ్ళు లేవు. ఆ చలికాలం ఏథెన్స్ వీధుల్లో జనం ఆకలితో రాలిపోయారు. 1943లో సాలొనికా యూదులను రైళ్ళకెక్కించి పంపేశారు. తిరిగి వచ్చినవాళ్ళు కొద్దిమందే. యుద్ధం ముగిశాక కూడా శాంతి లేదు, 1949 దాకా అంతర్యుద్ధం. జెండా దించిన గ్లెజోస్‌కే స్వదేశ ప్రభుత్వం మరణశిక్ష విధించింది, తరువాత తగ్గించింది.

1967 ఏప్రిల్ 21న కర్నల్స్ అధికారం లాక్కున్నారు. ప్రజాస్వామ్యం పుట్టిన ఊళ్ళో పార్లమెంటు మూసి, బడుల్లో శుద్ధభాషను మళ్ళీ రుద్దారు. 1973 నవంబరు 14న ఏథెన్స్ పాలిటెక్నిక్ విద్యార్థులు తమ కాలేజీని ఆక్రమించి, ప్రయోగశాల సామాన్లతో రేడియో ట్రాన్స్‌మిటర్ కట్టి ఊరంతటినీ పిలిచారు. వాళ్ళ నినాదంలో మూడే మాటలు: రొట్టె, చదువు, స్వాతంత్ర్యం. రొట్టెకు వాళ్ళు వాడిన మాట 'ప్సొమి'. 17వ తేదీ తెల్లవారకముందే ఒక టాంకు గేటును తోసుకుంటూ లోపలికి వచ్చింది. ఆ రోజుల్లో చుట్టుపక్కల వీధుల్లో చనిపోయినవారిలో 24 మంది పేర్లు తరువాతి పరిశోధనలో నిర్ధారణ అయ్యాయి.

మరుసటేడు జులైలో సైప్రస్ వ్యవహారం బెడిసికొట్టి కర్నల్స్ కూలిపోయారు. డిసెంబరులో జనం ఓటువేసి రాజరికాన్ని కూడా వదిలించుకున్నారు. 1976లో జనభాషే అధికారభాష అయింది. 1981లో యూరపు కూటమిలో చేరారు, 2001లో యూరో వచ్చింది. 2010 నుంచి అప్పుల ఊబి. 2013 నాటికి యువతలో సగానికి పైగా నిరుద్యోగులు. 2015 జులైలో అప్పులవాళ్ళ షరతులకు 61 శాతం మంది వద్దని ఓటు వేస్తే, కొద్ది రోజులకే ప్రభుత్వం ఒప్పుకోవలసి వచ్చింది. 2018 ఆగస్టుతో ఆ రుణసహాయ పథకాలు ముగిశాయి. సోలోన్‌ను తలుచుకున్నవాళ్ళు అప్పుడు ఎందరున్నారో!

పోలీసులు విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టరాదని 1982లో చేసిన చట్టం 2011లో పోయింది, 2017లో మళ్ళీ వచ్చింది, 2019లో మళ్ళీ పోయింది. టాంకు వంచేసిన ఆ ఇనుప గేటును మాత్రం ఎవరూ కదపలేదు. పాలిటెక్నిక్ ఆవరణలోనే పడి ఉంది. ఏటా నవంబరు 17న జనం వరసలో నిలబడి వచ్చి దాని మీద ఎర్రపూలు పెట్టి వెడతారు.